సమాసంలో చోటు దక్కని నదులు



మా రాజోలి తుంగభద్రకు ఉత్తరపుటొడ్డున ఉన్నది. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న ఈ సీమను మేము నడిగడ్డ అంటాము. తెలుగు పండితునిగా పనిచేసిన కాలంలో ద్వంద్వ సమాసం చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకు ఉదాహరణ కిటికీ అవతలనే పారుతూ ఉండేది. తుంగయు భద్రయు, తుంగభద్ర. ద్వంద్వమైనను ఏకవచనంలోనే వాడుక.

ఒకనాడు ఒక పిల్లవాడు లేచి, "సారూ, మిగిలిన వాగుల పేర్లు ఇందులో ఎందుకు లేవు?" అని అడిగినాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ ప్రశ్నకు ఇంతకాలానికి జవాబు వ్రాస్తున్నాను.

తుంగా భద్రా రెండూ కర్ణాటకంలోని పడమటి కనుమలలో గంగామూల వద్ద పుట్టి, వేర్వేరు దారులు పట్టి, శివమొగ్గ సమీపాన కూడలి అనే చోట కలుస్తాయి. "గంగాస్నానం, తుంగాపానం" అన్న నానుడి తుంగ నీటి రుచికి మనవారిచ్చిన యోగ్యతాపత్రం. కూడలి దాటిన పిదప నది ఒంటరిగా రాదు. హరిహరం వద్ద హరిద్ర చేరుతుంది. ఎడమవైపునుండి కుముద్వతి వస్తుంది. కదంబుల రాజధానియైన బనవాసిని ఒరుసుకొని పారిన వరద గళగనాథం వద్ద కలుస్తుంది.

కుడివైపునుండి వచ్చే వాటిలో పెద్దది వేదవతి. దీని పేరులోనూ ఒక సమాసమున్నది. వేద, అవతి అను రెండు ఏరులు కడూరు ప్రాంతంలో కలిసి వేదవతి అయినవి. 1907లో పూర్తియైన వాణీవిలాస సాగరం దీనిమీదనే ఉన్నది. అనంతపురం సీమలో భైరవానితిప్ప వద్ద మరొక ఆనకట్ట ఉన్నది. బళ్ళారి సీమకు వచ్చేసరికి ఈ నదినే హగరి అంటారు. ఎండాకాలంలో చూచినవారికి అది ఇసుక తప్ప మరేమీ కాదు. సిరుగుప్ప ప్రాంతంలో ఈ ఇసుకనది తుంగభద్రను చేరుతుంది. మాకు దిగువన కర్నూలు వద్ద హంద్రి కలుస్తుంది. ఆలంపురం గుడులకు రాళ్ళు తోలిన బండ్లవారు నది దాటే ముందు అక్కడ ఇరుసులకు కందెన వేసుకొనేవారనీ, అందువలననే కందెనవోలు అన్న పేరు వచ్చినదనీ పెద్దలు చెబుతారు.

సుమారు 531 కిలోమీటర్లు నడచి తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. ఆ సంగమస్థలం పేరు కూడవెల్లి. మొదట కూడలి, తుదకు కూడవెల్లి. రెండు పేర్లలోనూ 'కూడు' ధాతువే వినిపిస్తుంది. శ్రీశైలం జలాశయంలో మునుగుతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురంలో తిరిగి నిలిపినారు. గుడిని తరలించగలిగినాము గాని సంగమాన్ని తరలించలేము గదా!

కలపడమే స్వభావమైన ఈ నదిని మనుషులు ఎక్కువకాలం సరిహద్దుగానే వాడుకొన్నారు. 1800లో నిజాం దత్తమండలాలను కుంపిణీకి ఇచ్చిన తరువాత తుంగభద్ర రెండు ఏలుబడుల నడుమ గీత అయినది. ఎదుటి ఒడ్డున 1839 దాకా కర్నూలు నవాబు, ఆ పిమ్మట ఇంగ్లీషువారు. ఇవతల నిజామునకు లోబడిన గద్వాల సంస్థానం. 1953లో కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని అయినప్పుడు కూడా మేము హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్నాము. 1956 నుండి 2014 వరకు మాత్రమే రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రం. ఇప్పుడు నది మరల గీతయే.

నీటి పంపకమూ ఆ గీతను బట్టియే. మా ఊరి చెంతనున్న సుంకేసుల ఆనకట్టను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కట్టినది. అక్కడ మొదలయ్యే కర్నూలు–కడప కాలువను పడవలు నడపడానికి కూడా ఉద్దేశించినారు. నష్టాలలో ఉన్న ఆ కంపెనీ పనులను 1882లో ప్రభుత్వం కొన్నది. ఆ నీరు పోయేది ఆవలి ఒడ్డుకు. మా ఒడ్డుకు ఆధారం ఎగువన రాయచూరు జిల్లాలోని రాజోలిబండ. ఆ కాలువ క్రింద నడిగడ్డలో 87,500 ఎకరాలు తడవాలని లెక్క. పేరు రాజోలిబండ అయినంత మాత్రాన అది మా రాజోలి అనుకోరాదు. ఆ పొరపాటు చదువుకొన్నవారూ చేస్తారు.

ఇక 2009. ఆ సంవత్సరం సెప్టెంబరు నెలాఖరున పెద్ద ఆనకట్టలకు దిగువనున్న నేలమీద కుండపోతగా వానలు కురిసినవి. ఎండిన ఇసుకగా తెలిసిన ఏరులు, పేరైనా పటంలో లేని వాగులు అన్నీ ఒక్కసారిగా పొంగి తుంగభద్రలో పడినవి. అక్టోబరు 2న కర్నూలు మునిగినది. రాజోలి మునిగినది. మా నేతగాళ్ళ గుంటమగ్గాలలో నీరు నిండినది. సగం నేసిన చీరెలు నూలుతో సహా బురదలో కలిసినవి. నా పుస్తకాల పెట్టె కూడా పోయినది. దానికి నేను ఎవరినీ నిందించను. ముప్పై ఏళ్ళు తుంగను, భద్రను వల్లె వేయించిన నేను, మా ఇంటిని ముంచగల ఏరుల పేర్లు పిల్లలకు ఒక్కనాడూ చెప్పలేదు.

ఆ పిల్లవాడు అడిగినది వ్యాకరణం కాదని అప్పుడు తెలిసినది.

మీ ఊరి వాగు ఏ ఏటిలో కలుస్తుందో, ఆ ఏరు ఏ నదిని చేరుతుందో తెలిసినవారు దయచేసి వ్రాయండి. పేరు చిన్నదైనా సరే.