చదువుకొన్నవాని వంతు

సంగారెడ్డి నుండి నాందేడు పోవు బాటలో, మంజీరా నదికి దాపున నున్న జోగిపేట పేరు మన చరిత్రలో ఒక సభవలన నిలిచినది. 1930 మార్చి 3, 4, 5 తేదీలలో నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ మొట్టమొదటిసారి ఇచ్చట సమావేశమైనది. శ్రీ సురవరం ప్రతాపరెడ్డిగారు అధ్యక్షులు. ఆ సందర్భముననే శ్రీమతి నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళా సభయు జరిగినది. ఇంతవరకు మన పిల్లల పాఠ్యపుస్తకములలో నున్న సంగతియే. మేము నేడు ముచ్చటింపదలచినది దాని చెంతనే యున్న మరియొక సంగతి. పట్టణమునకు పోయి చదువుకొన్న పిల్లవాడు, తన ఊరిలో చదువులేని పిల్లవానికి ఏమి చేసెను? ఆ పని ఎక్కడ నిలిచినది, ఎక్కడ సెలవులతో పాటే ముగిసిపోయినది?

ఆనాటి స్థితిని కొంచెము తలచుకొనవలెను. కచేరీలో ఉర్దూ, పై తరగతులలో ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము విద్యనంతయు ఉర్దూలోనే గరపినది. దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమేనని లోకమునకు చూపిన ఘనత దానిదని మనము ఒప్పుకొనవలసినదే. కాని ఆ భాష తెలుగు రైతు ఇంటి భాష కాదు. తన పేర వ్రాసిన రసీదులో ఏమున్నదో తెలియక, పట్వారీ చెప్పినదే వేదమనుకొని వేలిముద్ర వేసినవారికి లెక్కలేదు. సొంతముగా తెలుగు బడి పెట్టుకొందమన్నను, ఖాన్గీ బడులకు ముందుగా సర్కారు అనుమతి కావలయునను నిబంధనలు 1924 ప్రాంతమున వచ్చి పడినవి. అంతకు పూర్వము ఎవరో ఒక అయ్యవారు అరుగుమీద కూర్చుండి పెద్దబాలశిక్ష చెప్పుకొన్న బడులు ఒక్కొక్కటే మూతపడినవి.

భాష విషయమున జరిగిన అవమానము ఇంకొకటి కలదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో, మహర్షి కార్వే గారి అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగినది. అందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడ లేచినంతనే సభలోనివారు అల్లరిచేసి ఆయనను కూర్చుండబెట్టిరి. ఆ రాత్రియే కొందరు తెలుగువారు టేకుమాల రంగారావుగారి ఇంట గూడి ఆంధ్ర జనసంఘమునకు పునాది వేసిరి. మాడపాటి హనుమంతరావుగారు, బూర్గుల రామకృష్ణారావుగారు వంటివారు దానికి ప్రాణము పోసిరి. ఆ సంఘము వెట్టిచాకిరిని గురించియు, వర్తకుల హక్కులను గురించియు చిన్న చిన్న పుస్తకములు అచ్చువేసి గ్రామములకు పంపినది. పుస్తకము ఊరు చేరినంత మాత్రమున పని కాదు గదా! దానిని చదివి వినిపించుటకు ఒక్కడైనను ఉండవలెను. ఈ ‘ఒక్కడు’ ఎవడు అన్నదే మా ప్రశ్న.

తరచుగా వాడు హైదరాబాదులో చదువుచు, సెలవులకు ఊరు వచ్చిన విద్యార్థి. 1918లో రాజా బహదూర్ వేంకటరామారెడ్డిగారి పూనికతో ఏర్పడిన రెడ్డి హాస్టలును తీసికొనుడు. మారుమూల పల్లెల నుండి వచ్చిన పిల్లలకు అది నీడనిచ్చినది. గోలకొండ పత్రికను 1926లో నెలకొల్పిన ప్రతాపరెడ్డిగారే ఈ హాస్టలు వ్యవహారములు కూడ చూచెడివారు. అందలి గ్రంథాలయము వలన, కళాశాలలో దొరకని తెలుగు ఆ పిల్లలకు వసతిగృహమున దొరికినది. కళాశాలలో నేర్చినది పరీక్షకు, హాస్టలులో చదివినది ఊరికి అక్కరకు వచ్చినదని చెప్పిన అతిశయోక్తి కాదు. ఇట్టి విద్యార్థి గొప్ప పండితుడు కాడు. అదే అతని బలమని మా తలంపు. ఒత్తులు, గుణింతములు తాను తడబడుచు నేర్చిన దినములు వానికింకను జ్ఞాపకమున్నవి. ఎదుట కూర్చున్న పసులకాపరి పిల్లవాడు ఏ మెట్టు దగ్గర ఆగినాడో, ఆ మెట్టు నిన్ననే ఎక్కినవానికి తెలిసినట్లు ఇరువదియేండ్లు బోధించిన అయ్యవారికి తెలియకపోవచ్చును.

అయితే సెలవులు ముగియగానే విద్యార్థి వెడలిపోవును. వెనుక కందిలి ఆరిపోవును, పలకలు అటక ఎక్కును. ఇందుచేత ఆనాటి పెద్దలు గ్రంథాలయమును ఆశ్రయించిరి. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసి దారి చూపినవి. 1925లో మధిరయందును, 1928లో సూర్యాపేటయందును గ్రంథాలయ మహాసభలు జరిగినవి. పేరునకు అది పఠనమందిరము. పగలు పత్రిక, రాత్రి అక్షరాభ్యాసము. విద్యార్థి పోయినను బీరువా, చాప, తాళపుచెవి పట్టుకొన్న ఒక స్థానికుడు మిగిలెడివారు. మరుసటి సెలవులకు వచ్చిన కుర్రవాడు పనిని మొదటినుండి మొదలుపెట్టనక్కరలేదు. గ్రంథాలయోద్యమమును గురించి మనము చాల మెచ్చుకోలు మాటలు విన్నాము. మా దృష్టిలో దాని మిక్కిలి ఉపయోగము ఈ సాదా ఏర్పాటే.

ఈ ఉద్యమమునకు ఒక వెలితి కూడ ఉండెను. దానిని దాచిపెట్టుట చరిత్ర కాదు. జోగిపేట సభకు వచ్చిన పెద్దలలో భాగ్యరెడ్డివర్మగారు ఒకరు. దళితకులమున బుట్టిన ఆయన సభలో మాటాడుటకే సనాతనులు అభ్యంతరము చెప్పిరి. వాదోపవాదముల తరువాత గాని ఆయనకు అవకాశము దొరకలేదు. తెలుగున మాటాడనీయలేదని తొమ్మిదేండ్ల క్రిందట నొచ్చుకొన్నవారిలో కొందరు, తెలుగువాడే యొకడు మాటాడుటకు నొచ్చుకొనిరి! వర్మగారు మాత్రము ఎవరి అనుమతికొరకును కాచుకొని కూర్చుండలేదు. 1910లోనే ఇసామియా బజారు, లింగంపల్లి పేటలలో ఆదిహిందూ బాలబాలికలకు తెలుగు బడులు తెరచిరి. 1930ల నడుమకు వచ్చునప్పటికి అట్టి పాఠశాలలు ఇరువది యారు వరకు పెరిగినవి. రావి నారాయణరెడ్డిగారు 1930లో నిజాం కళాశాల చదువు విడిచి ఉప్పు సత్యాగ్రహమునకు కాకినాడ వెళ్ళినవారు. ఆయన తరువాత హరిజన సేవాసంఘము పనిలో దిగి హైదరాబాదున హరిజన విద్యార్థులకు వసతిగృహములు నడపిరి. బడికి పిలుచుట ఒక యెత్తు, బడి యున్నచోటనే పిల్లవానికి కూడు, గూడు కల్పించుట ఒక యెత్తు. రెండవది కష్టము, నిలిచినది అదే.

1943 మే 26వ తేదీన రెడ్డి హాస్టలులోనే ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టినది. ప్రాథమిక, ప్రవేశ, విశారద అను పరీక్షలను ఈ పరిషత్తు నిర్వహించినది. సర్కారు బడిలో తెలుగు చదువని యువకులు ఈ పరీక్షలకు సిద్ధమగుటకై సాయంకాలపు తరగతులలో చేరిరి. నిన్న ప్రవేశ పరీక్ష నిచ్చినవాడు నేడు ప్రాథమికమునకు పాఠము చెప్పగలడు. ఒకడు దిగినచోట మరియొకడు ఎక్కుటకు నిచ్చెన ఏర్పడినది.

ఇట్టి ప్రయత్నము మనకే పరిమితము కాదు. లండను తూర్పుపేటలోని టాయిన్‌బీ హాలునందు 1884 నుండియు ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థులు బీదల నడుమ నివసించి సాయంకాలపు తరగతులు నడపిరి. స్వతంత్ర భారతమున ఈ భావము 1969 సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకముగా రూపుదాల్చినది. మహాత్ముని శతజయంతి సంవత్సరమది. మొదట ముప్పదియేడు విశ్వవిద్యాలయములు, నలుబది వేల విద్యార్థులు. విద్యార్థి సంవత్సరమునకు 120 గంటల చొప్పున రెండేండ్లు సేవ చేయవలెను. దినమునకొక గంట చొప్పున లెక్కవేసిన 120 గంటలు నాలుగు నెలలు. చురుకైన పిల్లవానికి అక్షరములు పట్టువడుటకు ఇది చాలును. కాని ఈ గంటలు చెట్లు నాటుటకు, ఊరేగింపులకు, ప్రసంగములకు పంచిపెట్టినప్పుడు ఏ ఒక్క పిల్లవానికిని ఇరువది గంటలైనను దక్కవు. మొక్కలు వలదని మేము చెప్పుట లేదు. మొక్కకు వలెనే పిల్లవానికిని దినదినము నీరు పోయవలెను.

నేడు జోగిపేట పరిసరములలో కళాశాలలకు కొరత లేదు. దగ్గరనే సుల్తాన్‌పూరులో 2012 నుండి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల యున్నది. సంగారెడ్డి దాపున కందియందు భారత సాంకేతిక సంస్థ యున్నది. మరి పటాన్‌చెరు వైపు పోయిన పారిశ్రామికవాడలలో ఒడిశా, బీహారు మొదలగు రాష్ట్రముల నుండి వచ్చిన కార్మికుల పిల్లలు కనబడుదురు. వారి ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి. వేరొక విధముగా చెప్పవలెనన్న, 1921లో మన తెలుగు పిల్లవాడు నిలిచినచోటనే వీరు నేడు నిలిచియున్నారు. ఈసారి బల్లకు ఆవలివైపున కూర్చున్నది మనము. ఒడియా పిల్లవానికి లెక్క చెప్పబోవు తెలుగు విద్యార్థి, ముందుగా వాని భాషలో ఒకటి నుండి ఇరువది వరకు అంకెలు వానినే అడిగి నేర్చుకొనిన, పని సగము సులువగును. నేర్పుటకు వచ్చినవాడు నేర్చుకొనుట చూచిన పిల్లవానికి బెదురు తీరును.

ఇక సెలవులు ముగియుట అను పాత చిక్కు నేటికిని ఉన్నది. మూడవ సంవత్సరపు విద్యార్థి నాలుగవ సంవత్సరమున ఉద్యోగపు వేటలో మునుగును, సాయంకాలపు తరగతికి రాలేడు. గ్రంథాలయము నాడు చేసిన పనిని నేడొక చిన్న నోటుపుస్తకమైనను చేయవచ్చును. ఏ పిల్లవాడు ఏ గుణింతము దగ్గర తట్టుకొన్నాడు, ఎవరికి భాగహారము పట్టువడలేదు, ఎవరి తండ్రి ఏ షిఫ్టులో పనిచేయును, ఏ బాలిక రెండు వారములుగా రాలేదు, రానిచో ఏ యింటికి పోయి అడుగవలెను: ఇవి వ్రాసి, పోవువాడు వచ్చువాని చేతికిచ్చి పోవలెను.