చెప్పు అడగని పాదం

మా ఇంటి అటక మీద చాలాకాలం ఒక కాలు ఉండేది. మోకాలి కింది నుంచి పాదం దాకా, పాదానికి నల్లటి బూటుతో సహా. ఇంటికి కొత్తగా వచ్చిన పిల్లలు దాన్ని చూసి జడుసుకునేవాళ్ళు. 1982లో బెంగళూరు రోడ్డు మీద లారీ తగిలి మా నాయనకు కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఆ తరువాత పట్నంలో డబ్బు కట్టి చేయించిన కాలు అది. మూడు నెలలు కట్టుకున్నాడు. ఒకరోజు తానే విప్పి, అటక మీద పెట్టమని నా చేతికిచ్చాడు. "ఇది ఆఫీసర్ల కాలురా, మనది కాదు" అన్నాడు.

ఆ మాటలో ఎంత నిజముందో జైపూరు పాదం చరిత్ర తెలుసుకున్నాకగాని నాకు అర్థం కాలేదు.

ఆ కాలుతో నాయన నడవలేకపోయాడని కాదు. సిమెంటు నేల మీద బాగానే నడిచాడు. బతుకంటే నడవడం ఒక్కటే అయితే చిక్కే లేదు. మా హోసూరు పక్క పల్లెల్లో రైతన్నవాడు గొంతుక్కూర్చుని కలుపు తీయాలి, బాసింపట్టు వేసుకుని సంగటి తినాలి, బురదలో దిగాలి, గుడికి పోతే చెప్పులు బయట విడవాలి. ఆ కాలు బూటు మడమ ఎత్తుకు లెక్కగట్టి చేసింది. బూటు విప్పితే మనిషి వెనక్కి ఒరుగుతాడు. బూటుతో పొలంలోకి పోలేడు, గుళ్ళోకి రాలేడు.

అన్నిటికన్నా కష్టమైంది, చెప్పుకోవడానికి సిగ్గుపడేది, తెల్లవారుజామున బయలుకు పోవడం. అప్పట్లో మా ఊళ్ళో ఏ ఇంట్లోనూ మరుగుదొడ్డి లేదు. నాయన గొంతుక్కూర్చోవాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఆ పని నాది. ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో నాయన రెక్క. పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి, నాకేమీ తోచేది కాదు. పొద్దు వాలాక నాయన మంచినీళ్ళు తాగడం మానేశాడని అమ్మ చాలా రోజులకు కనిపెట్టింది. నా నిద్ర చెడగొట్టడం ఇష్టంలేక అలా చేశాడట. ఊరి పంచాయితీలో నలుగురి తగవులూ తీర్చిన మనిషి, చీకటిపడితే నీళ్ళకు భయపడ్డాడు.

అటకెక్కిన కాలును తప్పుపట్టడానికి లేదు. అది 1950ల్లో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు రూపొందించిన పద్ధతి. 'సాచ్' పాదమంటారు. చీలమండ కదలదు, మడమలో మెత్తటి స్పాంజి ఉంటుంది. కుర్చీలో కూర్చుని, బూటు వేసుకుని, చదునైన నేల మీద నడిచే జనానికి అది మంచి పాదమే. ఒక దేశపు నేలకు కుదిరినదాన్ని ఇంకో దేశపు నేలకు అలాగే తెచ్చిపెట్టడంలో వచ్చింది చిక్కు.

ఆ చిక్కును మాకన్నా చాలా ముందే గమనించినవారు డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ. 1927లో కాశీలో పుట్టారు. 1954లో ఎడింబరోలో ఎఫ్.ఆర్.సి.ఎస్. పూర్తిచేసి వచ్చి, జైపూరు సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఎముకల వైద్యం చూశారు. తాము కాలు పెట్టి పంపిన పల్లెటూరివాళ్ళు దాన్ని ఇంట్లో పడేసి, మళ్ళీ చంకకర్రల మీదే తిరగడం ఆయన చూశారు. రోగికి బుద్ధిలేదని తీసిపారేయకుండా, కాలులోనే ఏదో లోపముందనుకోవడం ఆయన గొప్పతనం.

అదే ఆసుపత్రిలో రామచంద్ర శర్మ అనే శిల్పి ఉండేవాడు. రోగులకు చేతిపనులు నేర్పడం ఆయన ఉద్యోగం. బడి చదువు నాలుగో తరగతి దాకానే. అందరూ 'మాస్టర్జీ' అనేవారు. రబ్బరు ఆలోచన ఆయనకు ఎలా వచ్చిందో జైపూరులో ఒక కథగా చెప్పుకుంటారు. సైకిలు టైరు గాలిపోయి నడిపించుకు పోతుంటే, దారిలో ఒక దుకాణంలో లారీ టైర్లకు కొత్త రబ్బరు వేసి కాల్చి అతికించడం కనబడిందట. టైరుకు చేసేది పాదానికి ఎందుకు చేయకూడదు? మూస తీసుకుపోయి ఆ దుకాణంలోనే పాదాన్ని పోత పోయించాడట. కథలో రంగులెన్ని ఉన్నా, 1968లో తయారైన జైపూరు పాదం వల్కనైజు చేసిన రబ్బరుదే.

దాని లోగుట్టు వింటే మన కంచరి, వడ్రంగి పనుల లాగే ఉంటుంది. మడమలో స్పాంజి రబ్బరు, వేళ్ళ వైపు ఇంకో రబ్బరు దిమ్మ, చీలమండ దగ్గర కొయ్య. ఈ మూడింటినీ టైర్లలో వాడే నారగుడ్డతో చుట్టి, పైన ఒంటి రంగు రబ్బరు వేసి, అచ్చులో పెట్టి కాలుస్తారు. వేళ్ళు విడివిడిగా కనబడతాయి. పాదం పైకి వంగుతుంది కనుక గొంతుక్కూర్చోవచ్చు. పక్కలకు ఒరుగుతుంది కనుక గట్ల మీద, రాళ్ళ మీద నడవవచ్చు. కొద్దిగా మెలి తిరుగుతుంది కనుక బాసింపట్టు వేసుకోవచ్చు. నీళ్ళకు చెడదు. చెప్పు అక్కరలేదు, కావాలంటే వేసుకోవచ్చు. పిక్క భాగాన్ని మొదట్లో అల్యూమినియం రేకుతో, గిన్నెలు కొట్టే పనివాళ్ళ చేత చేయించారు. తరువాత నీళ్ళ గొట్టాలకు వాడే గట్టి ప్లాస్టిక్ వచ్చింది.

ఇంత మంచి వస్తువు వెంటనే అందరికీ చేరిందా అంటే లేదు. మొదటి ఏడేళ్ళలో అమర్చినవి అరవై లోపే. వస్తువు తయారుచేయడం వేరు, పంచిపెట్టడం వేరు. ఆ రెండో పనికి దిగినవారు డి.ఆర్.మెహతా అనే ఐ.ఎ.ఎస్. అధికారి. 1969లో కారు ప్రమాదంలో కాలు పోగొట్టుకునేంత గండం గడిచి బయటపడ్డ మనిషి. 1975లో భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితి స్థాపించి, కాలు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. 1990ల తొలి సంవత్సరాల్లో, నేను బ్యాంకులో చేరిన కొత్తలో, ఆయనే రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు. తరువాత సెబీ అధ్యక్షులయ్యారు. మా ఆఫీసులో అందరికీ ఆయన పెద్ద అధికారి. నాకు మాత్రం ఇంకో లెక్కలో చుట్టం.

మాకు ఆ సంగతి తెలిసింది సినిమా వల్ల. బొంబాయిలో పెరిగిన నర్తకి సుధాచంద్రన్‌కు 1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదమైంది. పుండు కుళ్ళి కుడికాలు తీసేయవలసి వచ్చింది. అప్పటికామెకు పదహారేళ్ళు. జైపూరు పాదం పెట్టుకుని 1984లో మళ్ళీ వేదికెక్కింది. ఆ కథనే సింగీతం శ్రీనివాసరావు 'మయూరి'గా తీశారు. తన పాత్ర తానే వేసింది. అరవం మాట్లాడే ఇంటి పిల్ల కథ మొదట తెరకెక్కింది తెలుగులో అని, సరిహద్దులో బతికే మాలాంటివాళ్ళు అప్పట్లో గర్వంగా చెప్పుకునేవాళ్ళం. హోసూరులో ఆ సినిమా చూసి వచ్చిన రాత్రి అమ్మ అడిగింది ఆ పిల్ల నాట్యం గురించి కాదు. "ఆ కాలు ఎక్కడ చేస్తారు?" అని.

1987లో నాయనా నేనూ జైపూరు పోయాం. తమిళనాడు బళ్ళలో హిందీ లేకపోయినా, దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రెండు రాసి ఉన్నాను కనుక దుబాసీని నేనే. ఆసుపత్రిలో పనివాడొకడు రేకును మూస మీద వేసి సుత్తితో కొడుతున్నాడు. నాయన చాలాసేపు ఆ చేతుల్నే చూశాడు. తరువాత నా చెవిలో, "గొంతుక్కూర్చోవచ్చునా అడుగు" అన్నాడు. ఆ మాటకు హిందీ ఏమిటో ఏ పరీక్షలోనూ రాలేదు. నేనే నేల మీద గొంతుక్కూర్చుని చూపించాను. అతను నవ్వి, సుత్తి పక్కనపెట్టి, వరుసలో ఉన్న ఒక ముసలాయనను పిలిచాడు. తలపాగా పెట్టుకున్న ఆ ముసలాయన పంచె ఎగగట్టి రబ్బరు పాదం చూపించి, మా ముందు కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు. ఎవరూ ఆయన్ను పట్టుకోలేదు.

ఊరికొచ్చిన మర్నాడు తెల్లవారుజామున నేను అలవాటుగా లేచాను. చెంబు లేదు. నాయన మంచం ఖాళీగా ఉంది. అరుగు మీద కూర్చుని ఎదురుచూశాను. పొద్దు పొడిచే వేళకు గట్టు మీద నుంచి ఒక్కడే, చెప్పుల్లేకుండా వచ్చాడు. "ఇంత పొద్దున్నే నీకేం పని, పోయి చదువుకో" అని కసిరాడు. ఐదేళ్ళ తరువాత నన్ను కసరడం అదే మొదలు. ఆ ఏడు రాగిచేలో కలుపుకు కూలీలతో పాటు కూర్చున్నాడు. కార్తీకంలో చంద్రచూడేశ్వరుని కొండ కూడా ఎక్కాడు.

వాణిజ్యశాస్త్రం చదివినవాణ్ణి గనుక పేరుప్రతిష్ఠల ఖాతా కూడా చూడాలనిపిస్తుంది. 1981లో మెగసెసే బహుమతి, పద్మశ్రీ సేఠీగారికి వచ్చాయి. మెగసెసేలో మాస్టర్జీకి వాటా లేదు. డాక్టరు లేకపోతే ఆ శిల్పికి చీలమండ ఎలా తిరగాలో తెలిసేది కాదు. శిల్పి లేకపోతే డాక్టరు ఆలోచన కాగితం దాటేది కాదు. ఒప్పందం రాసుకోని భాగస్వామ్యంలో లాభం ఎవరి పేరున జమవుతుందో బ్యాంకులో రోజూ చూసేదే. నా లెక్కలో ఆ బహుమతి ఇద్దరిదీ. పేటెంటు మాత్రం ఎవరూ తీసుకోలేదు. అందుకే మందుపాతరలకు కాళ్ళు పోగొట్టుకున్న అఫ్గానిస్తాన్ వాళ్ళకు కూడా ఆ పాదం చేరింది.

లోపాలు లేవని కాదు. బరువెక్కువ. చేత్తో చేసేది గనుక ఒక్కో చోట ఒక్కో నాణ్యం. మోకాలి పైన తీసేసినవాళ్ళకు మంచి కీలు చాలాకాలం లేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళతో కలిసి చేసిన జైపూరు మోకాలు 2009లో గాని రాలేదు. సేఠీగారు అంతకు ముందే, 2008 జనవరిలో పోయారు.

రబ్బరు గనుక అరుగుతుంది కూడా. మూడో ఏట నాయన పాదానికి బొటనవేలి దగ్గర చీలిక వచ్చింది. జైపూరు పోదామా అన్నాను. అవసరం లేదని, కాలు విప్పి సంచిలో వేసుకుని, హోసూరులో తళి రోడ్డు మీద లారీ టైర్లకు పంక్చరు వేసే కొట్టుకు తీసుకుపోయాడు. కొట్టువాడు సంచిలో చేయిపెట్టి ఉలిక్కిపడ్డాడు. తరువాత తిప్పి తిప్పి చూసి, రబ్బరు ముక్క పెట్టి కాల్చి అతికించాడు. రెండు రూపాయలు తీసుకున్నాడు.