పదమూడు నెలల లెక్క

గురుగ్రహం నుంచి మనకు అందేది వెలుగొక్కటే అనుకుంటాం. అదీ దాని సొంతం కాదు, సూర్యుడి దగ్గర అప్పు తెచ్చుకున్నది. కానీ గురుడు సొంత సరుకు కూడా పంపుతుంటాడు: కాంతివేగానికి బాగా దగ్గరగా పరిగెత్తే ఎలక్ట్రాన్లు. అవి 1960లలోనే భూమి దగ్గరి ఉపగ్రహాలకు చిక్కాయి. ఎక్కడివో తేలడానికి మాత్రం దాదాపు పదేళ్ళు పట్టింది.

నాసా 1963 నవంబరు నుంచి ఐఎంపీ అనే ఉపగ్రహాలను వరసగా పంపింది. అవి అంతరిక్షంలో తిరిగే కణాలను లెక్కపెట్టేవి. సూర్యుడి మీద పేలుడు జరిగితే లెక్క ఎగబాకుతుంది, అందులో వింతేం లేదు. వింతేమిటంటే, సూర్యుడు నిమ్మళంగా ఉన్న రోజుల్లో కూడా 30 లక్షల నుంచి 1.2 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు పెరిగేవి. కొన్నాళ్ళుండి తగ్గేవి. గొడ్డార్డ్ కేంద్రంలో ఫ్రాంక్ మెక్‌డొనాల్డ్ బృందం వీటిని 'ప్రశాంత కాలపు పెరుగుదలలు' అంది. సూర్యుడివి కాకపోతే ఇంకెవరివి? బహుశా నక్షత్రాల మధ్య నుంచి వస్తున్నాయేమో అన్నది అప్పటి ఊహ.

1973 డిసెంబరు మొదట్లో పయనీర్ 10 గురుగ్రహాన్ని దాటింది. ఇంకా కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండగానే దానికి ఎలక్ట్రాన్ల జల్లులు తగిలాయి. పైగా వాటికో లయ ఉంది, సుమారు పది గంటలకోసారి హెచ్చుతగ్గులు. గురుడు తన చుట్టూ తాను తిరగడానికి పట్టేదీ అంతే, 9 గంటల 55 నిమిషాలు. షికాగోలో జాన్ సింప్సన్ బృందం, గొడ్డార్డ్ బృందం 1974లో ఈ సంగతి ప్రకటించాయి. ఆ చూపుతో పాత ఐఎంపీ లెక్కలు తిరగేస్తే, ఆ అంతుచిక్కని పెరుగుదలలు 13 నెలలకోసారి వస్తున్నాయి!

13 నెలలే ఎందుకు? దీపావళి భూచక్రాన్ని గుర్తు తెచ్చుకోండి. ప్రతి రవ్వా తిన్నగా బయటికే పోతుంది, కానీ చక్రం తిరుగుతుంటుంది కాబట్టి మొత్తం సుడిలా కనపడుతుంది. తిరిగే సూర్యుడి నుంచి వీచే సౌరపవనం అయస్కాంత రేఖల్ని అలాగే సుడి తిప్పుతుందని యూజీన్ పార్కర్ 1958లో చెప్పాడు. ఎలక్ట్రాన్లు ఆ రేఖల వెంట సులువుగా జారతాయి, అడ్డంగా దాటడమే కష్టం. భూమి, గురుడు దాదాపు ఒకే రేఖ మీదికి వచ్చినప్పుడు దారి తెరుచుకుంటుంది. భూమి గురుణ్ణి మళ్ళీ మళ్ళీ దాటిపోవడానికి 399 రోజులు, అంటే 13 నెలలు.

చరిత్ర ఈ కనుగోలు ఘనత పయనీర్‌కి రాస్తుంది. తప్పేం కాదు. కానీ నాకు అంతకన్నా గొప్పగా అనిపించేది ఆ పాత పేరు. 'ప్రశాంత కాలపు పెరుగుదల' అనడంలో చూసిందే ఉంది, కారణం లేదు. మా సాఫ్ట్‌వేర్ లాగుల్లో అర్థంకాని గీతకి 'నాయిస్' అని పేరు పెట్టి, ఫిల్టర్ రాసి, ఆర్నెల్లకి చెరిపేస్తాం. అక్కడ ఎవరైనా ఆ గీతల్ని చదును చేసి ఉంటే 1974లో తిరగేయడానికి ఏమీ మిగిలేది కాదు. అర్థం కానిదాన్ని అర్థం కానట్టే దాచిపెట్టడం కూడా పరిశోధనే.

మరి ఈ కథలో మన నేల వాటా? మా చోడవరం డాబా మీంచి గురుడు చక్కగా కనపడతాడు గానీ, ఆయన ఎలక్ట్రాన్ ఒక్కటి కూడా ఇక్కడికి దిగదు. వాతావరణం సంగతి అటుంచినా, భూమధ్యరేఖకి దగ్గరి మన ప్రాంతాల మీద భూమి అయస్కాంత క్షేత్రం గట్టి అడ్డు. హైదరాబాదు పైన దాన్ని దాటాలంటే సుమారు 1,700 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. గురుడి ఎలక్ట్రాన్లకి అందులో వెయ్యో వంతు కూడా లేదు. ఆ అడ్డునే జల్లెడగా వాడుకుని, 1960లలో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు హైదరాబాదు నుంచి బెలూన్లు ఎగరేసి, గెలాక్సీ నుంచి వచ్చే మహాశక్తి ఎలక్ట్రాన్లను మాత్రమే ఏరి కొలిచారు.

అవి మన దగ్గరికి రాలేవు. మన మాటే వాటి మధ్యకి వెళ్ళింది. 1979 మార్చి 5న వాయేజర్ 1 గురుణ్ణి దాటినప్పుడు, దానికి బిగించిన బంగారు రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి. వాటిలో తెలుగు ఒకటి.