కాపయ నాయకుడు పంపిన దండు

ఓరుగంటి కోటను చూడవచ్చువారు కీర్తితోరణముల కడ నిలిచి కాకతీయులను తలచుకొందురు. ఖుష్ మహలు కడ సుల్తానులను తలచుకొందురు. కాకతీయుల పిమ్మట ముప్పదియేండ్లకు మించి యా కోటనేలిన ముసునూరి కాపయ నాయకుని తలచువారు తక్కువ. తలచినవారును 1336లో నతడు మాలిక్ మక్బూలును వెడలగొట్టి యోరుగంటిని విడిపించిన కథతో నాగిపోదురు. అటుపై పదునొకండేండ్లకు అతడు చేసిన వేరొక పని మాకు అంతకంటె విచారింపదగినదిగా తోచుచున్నది. పరుల యుద్ధమునకు దూరమునుండి బలమిచ్చిన రాజ్యము తాను బలపడునా, క్షీణించునా యను ప్రశ్నకు అందు మన దేశపు నిదర్శనమే గలదు.

దేవగిరిలోని అమీరులు ఢిల్లీ సుల్తానగు మహమ్మదు బిన్ తుగ్లకుపై తిరుగబడిరి. సుల్తాను స్వయముగా వచ్చి కోటను ముట్టడించెను గాని, గుజరాతులో వేరొక తిరుగుబాటు లేచినందున ఇమాదుల్ముల్కు నిచ్చట నిలిపి అటు మరలెను. అప్పుడు తిరుగుబాటుదారుల నాయకుడైన జాఫర్ ఖానుకు కాపయ నాయకుడు కౌలాసునుండి గుఱ్ఱపు దండును పంపెను. ఫిరిస్తా దానిని 15,000 అనుచున్నాడు. అతడు రెండున్నర శతాబ్దముల తరువాత వ్రాసినవాడు గనుక ఆ లెక్కను మేము పూర్తిగా నమ్మము, సాయము నిజము. బీదరు చెంత ఇమాదుల్ముల్కు కూలెను. 1347 ఆగస్టు 3వ తేదీన జాఫర్ ఖాను అలాఉద్దీన్ బహమన్ షా యను పేరున పట్టము కట్టుకొనెను.

ఇచ్చట మతకలహమును వెదకువారికి నిరాశయే మిగులును. హిందూరాజు ముసల్మాను అమీరులకు తోడై ముసల్మాను చక్రవర్తితో పోరాడెను. ఇంట పిల్లలకు చరిత్ర చెప్పునపుడు ఈ సంగతిని దాచిపెట్టుట మంచిది కాదు.

కాపయ అవివేకి యనరాదు. 1303, 1309, 1318, 1321, 1323 సంవత్సరములలో ఢిల్లీ సేనలు తెలుగుదేశముపైకి వచ్చెను. కడపటి రెండు మారులు సేనను నడిపించిన ఉలూగు ఖానే ఇప్పుడు సింహాసనముపై నున్న తుగ్లకు. వాని చేయి దక్కనునుండి తొలగవలెనని ఓరుగంటివారు కోరుట సహజము. కోరిక ఫలించెను కూడ; తుగ్లకుల సేన మఱల ఓరుగంటి మొగము చూడలేదు.

అయినను లాభమును మాత్రమే లెక్కవేసినచో లెక్క సగమే యగును. ఢిల్లీకిని ఓరుగంటికిని నడుమ నర్మదయు, వింధ్యాటవులును, నెలల తరబడి ప్రయాణమును గలవు. ఆ దూరమే కాపయకు కనబడని కోటగోడ. కొత్త సుల్తాను గుల్బర్గాలో కూర్చుండెను. అతనికి గోడ లేదు, పొలిమేర మాత్రమే. పట్టాభిషేకమైన మూడేండ్లకే, 1350లో, బహమన్ షా తెలంగాణముపైకి వచ్చెను. కాపయ కోలుపోయిన దుర్గమేది? కౌలాసు. సాయపు దండు బయలుదేరిన దుర్గమదియే.

కొడుకు మహమ్మదు షా 1358లో రాజ్యమునకు వచ్చిన పిదప పరిస్థితి మఱింత చెడెను. కాపయ కుమారుడు వినాయకదేవుడు సుల్తానునకు చిక్కి దారుణముగా చంపబడెను. తిరిగిపోవు సేనను తెలంగాణపు జనులు దారిపొడవున వెన్నాడి కొట్టిరని ఫిరిస్తాయే చెప్పుచున్నాడు. వారి ధైర్యమును మెచ్చవలసినదే గాని దానివలన రాజ్యము నిలువలేదు. కాపయ ఢిల్లీలోని ఫిరోజు షాను సాయమడిగెను. ఏ ఢిల్లీని దక్కనునుండి తఱుముటకు తన గుఱ్ఱములను పంపెనో ఆ ఢిల్లీనే! సాయము రాలేదు. 1364 ప్రాంతమున గోలకొండను విడిచి, ఏనుగులను, ధనమును ఇచ్చి సంధి చేసికొనవలసివచ్చెను. దానితోపాటు నీలిరంగు రత్నసింహాసన మొకటి గుల్బర్గాకు పోయెను. అది మొదట మహమ్మదు బిన్ తుగ్లకునకు కానుకగా చేయించినదట. తుగ్లకునకు చేయించిన పీఠముపై, తుగ్లకునెదిరించుటకు తాను నిలబెట్టినవాని కొడుకు కూర్చుండెను.

ఫ్రాన్సు రాజు పదియాఱవ లూయీ 1778 మొదలు అమెరికావారి స్వాతంత్ర్యయుద్ధమునకు ధనమును, నౌకలను, సేనలను ఇచ్చెను. గెలుపు దొరకెను, బొక్కసము అప్పులపాలయ్యెను, 1789లో ఆ అప్పుల చిక్కే ప్రజాప్రతినిధుల సభను పిలిపించి విప్లవమునకు వాకిలి తెఱచెను. అయితే అమెరికా సముద్రమున కావల నుండుటచే ఫ్రాన్సుపై దండెత్తలేదు. కాపయకు ఆ భాగ్యమైనను లేదు.

సాయము చేయకున్నచో ఢిల్లీ తిరిగివచ్చి యుండెడిదని కొందఱందురు. తుగ్లకు గుజరాతు తిరుగుబాటుదారుని వెంబడించుచు 1351లో సింధులో మరణించెను. మఱల దక్కనునకు రానేలేదు. కాలమే చేయనున్న పనికి కాపయ తన గుఱ్ఱములను వెచ్చించెనని మా యభిప్రాయము. ఇది 1347లో ఓరుగంటి కోటలో నున్నవానికి తెలియునది కాదు. కాని పొరుగున ఎవడు కుదురుకొనుచున్నాడో, రాచకొండలో రేచర్లవా రెట్లు పెరుగుచున్నారో తెలియదగినదే.

1368 ప్రాంతమున భీమవరము కడ రేచర్ల అనపోతానాయకునితో పోరాడి కాపయ మరణించెను. ఓరుగల్లు రేచర్లవారి వశమయ్యెను. 1425 ప్రాంతమున దానిని బహమనీ సుల్తాను అహమ్మదు షా పట్టుకొనెను. అతడు జాఫర్ ఖానుకు మనుమడు.