వరి మడిలో మెండెల్ లెక్క

మొక్కను చూసి దాని రూపం చెప్పవచ్చు గాని, లోపలి జన్యువుల జత చెప్పలేం. అది తేలాలంటే సంతానాన్ని లెక్కపెట్టాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1912లో కోయంబత్తూరులో వరి పరిశోధన కేంద్రం మొదలయ్యాక ఈ లెక్క వరి మడికి వచ్చింది.  ఆ కేంద్రం శాస్త్రవేత్తలు పార్నెల్, రంగస్వామి అయ్యంగార్, రామయ్య 1917లో వరి లక్షణాల వారసత్వంపై తమ పరిశోధనను ప్రచురించారు.

వరి తన పుప్పొడితోనే గింజ కడుతుంది కాబట్టి లెక్క సులువు. ఒక లక్షణం ఒకే జన్యువు వల్ల వస్తుందనుకుందాం. బహిర్గత లక్షణమున్న మొక్క గింజలు నాటితే అన్నీ తల్లిలాగే వస్తే తల్లి సమయుగ్మజం, అంటే జతలోని రెండు జన్యువులూ ఒకేలాంటివి. 3:1గా విడిపోతే విషమయుగ్మజం, అంటే ఆ రెండూ వేర్వేరు. అంతర్గత లక్షణమున్న మొక్కతో సంకరం చేసినప్పుడు 1:1 వచ్చినా తల్లి విషమయుగ్మజమే. 9:7 వంటి నిష్పత్తి కనిపిస్తే రెండు జన్యువులు కలిసి పనిచేస్తున్నాయని అర్థం. అయితే నాలుగు మొక్కలు చూసి తీర్పు చెప్పకూడదు. తల్లి విషమయుగ్మజమైనా, 3:1 రావలసిన 16 పిల్ల మొక్కల్లో అంతర్గత రూపం ఒక్కటీ కనిపించకపోయే అవకాశం సుమారు నూటికి ఒకటి ఉంటుంది.

ఎర్ర బియ్యం దగ్గర మరో మెలిక ఉంది. ఆ ఎరుపు గింజ పైపొరది. పైపొర తల్లి కణజాలం. అందుకే గింజ రంగు తల్లి జన్యువులను చూపుతుంది, లోపలి పిండానివి కాదు. పిల్లల రంగు తెలియాలంటే వాటిని పెంచి, అవి కట్టిన గింజలు చూడాల్సిందే.

వీటన్నిటిలో అందమైన ప్రయోగం పార్నెల్ 1921లో ప్రచురించినది. మామూలు వరి పుప్పొడి అయోడిన్‌తో నీలమవుతుంది, జిగురు వరిది ఎర్రగోధుమ రంగుకు మారుతుంది. రెంటి సంకరపు మొక్కలో పుప్పొడి రేణువులు సగం సగంగా రెండు రంగుల్లోనూ కనిపిస్తాయి. సంతానం కోసం మరో కారు ఆగనక్కర్లేదు. జన్యువుల జత విడిపోవడం సూక్ష్మదర్శిని కిందే కంటికి తెలుస్తుంది.

సంతానాన్ని బట్టి తల్లిని ఎంచే ఈ పద్ధతి వరి కేంద్రాలన్నిటికీ పునాది. 1936లో ఒడిశాలో చేరే దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్న గంజాం జిల్లా బరంపురం కేంద్రం రకాలు 'బామ్' అన్న గుర్తుతో రైతులకు చేరాయి. ఆ రామయ్యే 1946లో కటక్‌లో వెలసిన కేంద్ర వరి పరిశోధన సంస్థకు తొలి డైరెక్టర్ అయ్యారు.