దోనెయాత్రలో ఛాయాచిత్రము

కెనడా ఉత్తరభూములలో నదులును సరస్సులును వలవలె అల్లుకొని యున్నవి. అచటి ఆదిమజాతులవారు ఆ జలమార్గములకై తేలికయైన దోనెలను కల్పించుకొనిరి. వానినే కెనూలందురు. జలపాతము అడ్డువచ్చినచోట దోనెను, సామగ్రిని భుజములపై మోసికొనిపోయి మరల నీటిలో దింపవలెను. కావున కెమెరా వెంట గొనిపోవువానికి బరువొక బాధ, తడి మరొక బాధ.

1893లో జోసెఫ్ టిరెల్, జేమ్స్ టిరెల్ అను సోదరులు ఆరుగురు అనుచరులతో అథబాస్కా సరస్సునుండి బయలుదేరి, డుబాంట్ నది వెంబడి హడ్సన్ అఖాతమును చేరిరి. దోనెలలోను, మంచుపై కాలినడకను వారు సాగించిన యాత్ర మొత్తము 3,200 మైళ్లు. ఆ నిర్జనసీమను వారు ఛాయాచిత్రములలో బంధించి తెచ్చిరి.

అంతకు ఐదేండ్లు ముందే, 1888లో, జార్జి ఈస్ట్‌మన్ నూరు చిత్రములు తీయదగిన చుట్టతో కొడాక్ కెమెరాను వెలువరించెను. గాజుపలకల బరువు క్రమముగా తగ్గెను. తరువాతి తరములవారికి చుట్టకు 36 చిత్రములు. తడి సోకకుండ డబ్బాలలో దాచుకొని, లెక్క చూచుకొని మీట నొక్కెడివారు. ఇల్లు చేరి కడిగించినగాని బొమ్మ కుదిరినదో లేదో తెలియదు. కుదరనిచో ఆ నదికి మరల పోవుట యెట్లు?

1975లో కొడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ సాసన్ ఫిల్ము లేని కెమెరాను నిర్మించెను. దాని బరువు సుమారు మూడున్నర కిలోలు. పదివేల చుక్కల నలుపు తెలుపు బొమ్మను టేపుపై నమోదు చేయుటకు 23 సెకండ్లు పట్టెను. ఆ బరువైన యంత్రమే కాలక్రమమున జేబులో ఇమిడినది. 2009లో కొడాక్రోమ్ ఫిల్ము తయారీ నిలిచిపోయినది.

నేడు గోరంత కార్డులో వేల చిత్రములు పట్టును. తీసిన బొమ్మను దోనెలోనే చూచుకొనవచ్చును. అయితే చలికి బ్యాటరీ త్వరగా నీరసించును. అడవిలో విద్యుత్తు దొరకదు. అంతకు మించిన చిక్కు ఇంటికి వచ్చిన పిదప కలదు. టిరెల్ సోదరుల చిత్రములు టొరంటో విశ్వవిద్యాలయ గ్రంథాలయమున నేటికిని భద్రముగా నున్నవి. వానికి డిజిటల్ ప్రతులును ఏర్పడినవి. కాగితముపై బొమ్మకు కన్నులు చాలును. కార్డులోని బొమ్మకు యంత్రము కావలెను. కార్డు చెడినచో యాత్ర యంతయు మాసిపోవును.

కనుక యాత్రనుండి రాగానే చిత్రములను రెండుచోట్ల దాచుడు. మేలైన పదింటిని అచ్చువేయించి ఆల్బములో పెట్టుడు. మనుమలకు చేతికందునవి అవియే.