సోలెడు నుంచి స్పూనుడు దాకా

ఆవకాయ రోజుల్లో బందరు ఇళ్లలో వినిపించే లెక్కలో గ్రాము ఉండదు. ‘ఆవపిండి మానెడు, కారం మానెడు, ఉప్పు దానికి కాస్త తగ్గించి’ అంటారు. అదే కారం అంగట్లో కొనాలంటే అరకిలో, పావుకిలో. తూనిక అంగడిది, కొలత ఇంటిది. సర్కారు శాఖ పేరు కూడా ‘తూనికలు, కొలతలు’ అనే ఉంది.

నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఆపైన తూము, ఇరవై తూములైతే పుట్టి. 1820లలో బందరు కోర్టులో పనిచేసిన సి.పి. బ్రౌన్ 1852 నాటి తన నిఘంటువులో ఈ మాటలకు చోటిచ్చాడు. కళ్లంలో ధాన్యం కొలిచే మనిషి మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. రెండు, మూడు ఆ తర్వాతే. ఊరు మారితే కుంచమూ మారేది. వంటకు మాత్రం దానితో చిక్కు లేదు. ఆవపిండికీ కారానికీ ఒకటే మానిక, కాబట్టి మానిక చిన్నదైనా పెద్దదైనా పాళ్లు చెడవు. దీన్ని పాత చాదస్తమంటే నేనొప్పుకోను, ఇది చక్కటి లెక్క.

అంగడి లెక్క వేరు. మూడు తులాలు పలం. ఐదు పలాలు ఏబులం, పది పలాలు పదలం, నలభై పలాలు వీశె. వీశె అంటే ఇప్పటి లెక్కలో దాదాపు 1.4 కిలోలు. ఎనిమిది వీశెలు మణుగు. 17వ శతాబ్దంలో బందరు ఓడలు సరుకులతో వెళ్లిన పెగూ దేశంలోనూ (ఇప్పటి బర్మా) ఇలాంటి తూనికే ఉంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని ‘విస్’ అని రాసుకున్నారు. పేరు మన వీశెదే గానీ బరువు 1.63 కిలోలు.

1956లో చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూనికలు అంగళ్లలోకి దిగాయి. క్రమంగా వీశె పోయి కిలో నిలిచింది. వంటల పుస్తకాలూ గ్రాముల్లోకి మారాయి. వంటింట్లో త్రాసు లేదు, పోపులడబ్బాలో చెంచా ఉంది. చిక్కు అక్కడ మొదలైంది.

టీస్పూను 5 మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూను 15. అందుకని చెంచా అంటే 5 గ్రాములే అనుకుంటారు చాలామంది. ఆ మాట నీళ్లకే చెల్లుతుంది. మెత్తటి ఉప్పు టీస్పూనుడు దాదాపు 6 గ్రాములు, పంచదార 4, కారం రెండున్నర, మూడు. పుస్తకంలో 100 గ్రాముల కారం అని ఉంటే అది ఇరవై చెంచాలు కాదు, ముప్పై అయిదుకు అటూ ఇటూ. రాళ్ల ఉప్పయితే ఇంకో తంటా. చెంచాలో పోసి చూడండి, పలుకుకూ పలుకుకూ మధ్య ఖాళీ కనిపిస్తుంది. అదే చెంచాలో మెత్తటి ఉప్పుకంటే తక్కువే తూగుతుంది. ఊరగాయకు ఏ ఉప్పో చెప్పకుండా ‘ఇన్ని చెంచాలు’ అని రాసేవాళ్లు జాడీని బూజుకు వదిలేస్తున్నట్టే.

భాష మాత్రం ఎక్కడా తడబడలేదు. చిటికెడు, పిడికెడు, దోసెడు, సోలెడు అన్న నోరే గాజు గ్లాసు రాగానే గ్లాసుడు అంది, స్పూను రాగానే స్పూనుడు అంది. ఇప్పుడు రైస్ కుక్కరుతో వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మిల్లీలీటర్లది, జపాను వాళ్ల పాత బియ్యం కొలత ‘గో’కు సరిపోయేది. గుడివాడ వంటింట్లో దాంతో కొలిచినా ‘రెండు కప్పుల బియ్యం, గుప్పెడు పెసరపప్పు’ అనే అంటారు.